చెవిమాట ఆగిన కాలం

చైత్ర శుద్ధ దశమి

రోప్‌వే దిగేసరికి ఫరీదా తానే వచ్చి నిలబడి ఉంది. ఈ కొండ మీది ఆసుపత్రికి ఇప్పుడు ఆమె సూపరింటెండెంట్. నా కళ్లకు మాత్రం, సముద్రం ఒడ్డున మా పాత పెద్దాసుపత్రిలో డ్యూటీకి ఆలస్యంగా వచ్చి హెడ్ సిస్టర్‌కి కనపడకుండా నా వెనక నక్కే హౌస్ సర్జన్ లాగే ఉంది. ఆ ఆసుపత్రి ఉన్న చోట ఇప్పుడు పడవలు తిరుగుతున్నాయి.

"బ్యాగు ఇలా ఇయ్యక్కా" అంది.

"సూపరింటెండెంట్ చేత మోయిస్తే బాగోదు."

"ఇక్కడ నన్నెవరూ చూడర్లే. ఎవరి చెవిలో గొంతు వాళ్లు వింటూ పోతుంటారు."

నిజమే. వరండాలో ఎదురైన నర్సులు, డాక్టర్లు, స్ట్రెచర్ తోసేవాళ్లు అందరూ తల కొంచెం పక్కకు వంచి నడుస్తున్నారు. చెవిలో గింజంత పరికరం. దాన్ని చెవిమాట అంటారు. ప్రతి పేషెంటు గుండె కొట్టుకోవడం, ఊపిరి, రక్తం సంగతి అన్నీ దానికి తెలుసు. ఎవరు ఎప్పుడు ఏం చేయాలో వాళ్ల చెవిలోనే చెబుతుంది. నర్సుకు నర్సు పని, డాక్టరుకు డాక్టరు పని. ఒకరితో ఒకరికి మాట్లాడే అవసరం లేదు.

ఊపిరితిత్తుల వార్డులోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను. యంత్రాల నిట్టూర్పులు తప్ప ఏమీ వినపడలేదు. మా పాత వార్డు గుర్తొచ్చింది. ఆక్సిజన్ సిలిండరు దొర్లించే చప్పుడు, హెడ్ సిస్టర్ గ్రేసమ్మ కేకలు, కిటికీలోంచి అలల హోరు, మధ్యలో ఎవరో "టీ వచ్చింది" అనడం. అప్పట్లో ఆ గోల భరించలేక తలనొప్పి వచ్చేది.

ఇది ఎవరు చదువుతారో తెలియదు గనక నా సంగతి ఒక మాట. నా పేరు సత్యవేణి. రెస్పిరేటరీ థెరపిస్టుని. ఊపిరాడని మనిషికి ఊపిరాడేలా చేయడమే నా పని. విరమించి చాలాకాలమైంది. చెవిమాటను నడిపే పెద్ద కేంద్రంలో రిలే యంత్రం మార్చబోతున్నారు. అది పూర్తయ్యేదాకా కొండ మీద గొంతు వినపడదు. యంత్రాలు పనిచేస్తాయి, చెప్పేవాళ్లుండరు. అది కూడా సరిగ్గా ఉప్పుగాలి లేచి జనానికి ఊపిరాడని కాలంలో.

"పిల్లలకు నేర్పక్కా" అంది ఫరీదా. "నాలుగు కోర్సుల్లోంచి నలుగురిని ఇస్తాను. గుండె, ఊపిరి కేసులో అందరూ కలిసి ఎలా పనిచేయాలో బొమ్మ మీద చేసి చూపించాలి. వైశాఖంలో ఆ గాలి లేచేలోగా వాళ్లు చేయగలరని నాకు నమ్మకం కుదరాలి."

"కుదరకపోతే?"

"ఈ వార్డు మూసి పేషెంట్లందర్నీ రేవు పట్నానికి పంపేయాలి. పడవ ప్రయాణం. కొందరు తట్టుకోలేరు. ఎవరు తట్టుకోలేరో కూడా నాకు తెలుసు."

శిక్షణ ఎలా సాగిందో రోజూ రాసిపెట్టమంది. రాస్తున్నాను.

చైత్ర శుద్ధ ద్వాదశి

నలుగురూ వచ్చారు. మెడిసిన్ చదివే కౌస్తుభ్, నర్సింగ్ చదివే పైడిరత్నం, నా విభాగం నుంచే జోయెల్, ఫిజియోథెరపీ చదివే హంసిని. ఇక్కడ చదువంతా ఇలాగే ఉంటుంది. ఎవరి గదిలో వాళ్లు, ఎవరి చెవిలో వాళ్ల పాఠం.

చెవిమాటలు తీసి ఒక పళ్లెంలో పెట్టమన్నాను. పెట్టారు. తర్వాత మాటిమాటికీ చెవి తడుముకుంటూనే ఉన్నారు.

"ఒకరి పేరు ఒకరు చెప్పండి" అన్నాను.

ఒకే మేడలో రెండేళ్లుగా చదువుతున్నారు. ఒకే పేషెంటు మంచం చుట్టూ నిలబడ్డారు. ముఖాలు తెలుసు, పేర్లు తెలియవు.

మధ్యాహ్నం బొమ్మను మంచం మీద పడుకోబెట్టాను. రబ్బరు ఛాతీ లేచి పడుతుంది, పెదాలు నీలంగా మారతాయి, మెడ దగ్గర నాడి కొట్టుకుంటుంది. ఊపిరి అందక వచ్చిన మనిషి అనుకోమన్నాను.

జోయెల్ మాస్కు పట్టుకుని నిలబడ్డాడు. ఆక్సిజన్ ఎవరో తిప్పుతారని ఎదురుచూశాడు. రత్నం ఇంజెక్షన్ తీసి చేత్తో పట్టుకుంది. ఇవ్వమని ఎవరూ అనలేదు. హంసిని తలగడ ఎత్తబోయి, కౌస్తుభ్ ముఖం చూసి ఆగిపోయింది. కౌస్తుభ్ తెర మీది అంకెలు చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. బొమ్మ పెదాలు నల్లబడి ఛాతీ ఆగిపోయింది.

"మందు ఇచ్చారా అసలు?" అన్నాడు కౌస్తుభ్.

"మీరు సెప్పనేదు కదండీ" అంది రత్నం నెమ్మదిగా.

"మీ దగ్గర రెడీగా ఉందని నాకెలా తెలుస్తుంది?"

రత్నం తల దించుకుంది. ఇద్దరూ నిజమే చెప్పారు. నలుగురికీ పని బాగా వచ్చు, నాకన్నా బాగా వచ్చు. కానీ ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరవేసేది ఇన్నాళ్లూ ఆ గొంతే.

చెవిమాటను నేను తిట్టను. అది వచ్చాక ప్రాణాలు నిలిచాయి. నిద్రమత్తులో ఒకరి మందు ఒకరికి ఇచ్చే రోజులు పోయాయి. అది పెట్టిన కొత్తలో వార్డు నిశ్శబ్దమైందని మేమంతా సంబరపడ్డాం. గ్రేసమ్మ ఒక్కతే కిటికీ దగ్గర కూర్చుని, "ఏమర్రా, ఎవరూ మాట్లాడరేం" అని అడుగుతూ ఉండేది.

చైత్ర పౌర్ణమి

మళ్లీ బొమ్మ పోయింది. నిన్న కూడా పోయింది.

బొమ్మను బీరువాలో పెట్టి తాళం వేశాను. పిల్లలు కంగారుపడ్డారు. పరీక్ష బొమ్మ మీదే కదా అన్నాడు జోయెల్.

"దాని సంగతి తర్వాత. ముందు మనుషుల దగ్గరికి రండి" అన్నాను.

క్యాంటీన్ నుంచి సన్నని గొట్టాలు తెప్పించి, ముక్కు మూసుకుని దాంతోనే గాలి పీలుస్తూ కొండమెట్లు ఎక్కమన్నాను. నవ్వుకుంటూ మొదలుపెట్టారు. సగం ఎక్కేసరికి నవ్వు పోయింది. హంసిని గొట్టం తీసేసి మెట్టు మీద కూలబడి ఏడ్చింది. బాధతో కాదు, భయంతో. మిగతా ముగ్గురూ ఆమె చుట్టూ చేరి ఏం చేయాలో తెలియక నిలబడ్డారు. చివరికి రత్నం పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"ఏటైందో సెప్పు" అంది.

"గాలి ఉంది. అయినా చాలదేమో అనిపించింది" అంది హంసిని.

"మా ఊళ్లో దాన్ని ఎగూపిరి అంటారు" అంది రత్నం. అని, నాలుక కరుచుకుని నా వైపు చూసింది. ఉప్పుమళ్ల ఊరి పిల్ల. చెవిమాట ఎప్పుడూ పుస్తకాల తెలుగే మాట్లాడుతుంది. దాని ముందు తన మాట మోటుగా ఉంటుందని రత్నం భయం. అందుకే తరగతిలో నోరు విప్పదని తర్వాత తెలిసింది.

కౌస్తుభ్ మాత్రం, "ఇంకోసారి చెప్పండి" అన్నాడు. "ఎగూపిరి అంటే పైపైన పీల్చడమా, ఎగశ్వాసా?"

"పీల్సినా లోనికి దిగదండి. పీకదాకా వొచ్చి ఆగిపోద్ది. మనిసి బుజాలు ఇలా ఎగరేస్తాడు."

ఆమె చేసి చూపించింది. అతను అలాగే చేసి చూశాడు. కొండమెట్ల మీద ఇద్దరూ భుజాలు ఎగరేస్తుంటే కిందినుంచి వస్తున్న ముసలాయన ఒకడు ఆగి వింతగా చూశాడు.

చైత్ర బహుళ తదియ

ఈరోజు పడుకునే వంతు కౌస్తుభ్‌ది. పేషెంటుగా పడుకోవాలి, మిగతా ముగ్గురూ వైద్యం చేయాలి.

జోయెల్ మాస్కు పట్టుకొచ్చి ముఖానికి బిగించాడు. రత్నం చెయ్యి పట్టుకుని బీపీ పట్టీ కట్టింది. హంసిని మంచం తల పైకెత్తింది. అన్నీ సరిగ్గానే చేశారు. కౌస్తుభ్ ఒక్కసారిగా మాస్కు లాగేసి లేచి కూర్చున్నాడు. ముఖం చెమట పట్టింది.

"ఎవరైనా ఒక్క మాట చెప్పచ్చు కదా" అన్నాడు. "మాస్కు పెడుతున్నా, మంచం ఎత్తుతున్నా అని. నన్నేం చేయబోతున్నారో నాకు తెలియలేదు."

"నువ్వు రోజూ చూసే పేషెంట్లకీ తెలియదు" అన్నాడు జోయెల్.

ఇంతకు ముందు అయితే కౌస్తుభ్ ఏదో ఒకటి అనేవాడు. ఈరోజు మాస్కు జోయెల్ చేతికిచ్చి మళ్లీ పడుకున్నాడు.

మా కాలంలో ఇది ఎవరూ నేర్పలేదు. మాట్లాడక తప్పేది కాదు గనక వచ్చేసింది. గ్రేసమ్మకు ఒక అలవాటు ఉండేది. డాక్టరు ఏం చెప్పినా పైకి గట్టిగా తిరిగి అనేది. "ఈ మందు, ఇంత, ఇప్పుడు ఇస్తున్నా" అని. ఇచ్చాక "ఇచ్చాను" అనేది. తప్పుగా వినిపిస్తే డాక్టరు అక్కడే సరిచేసేవాడు. డాక్టరే తప్పుగా చెబితే ఆమె సరిచేసేది. కొత్తగా వచ్చిన ఒక డాక్టరు దానికి చిన్నబుచ్చుకుంటే, "నాయనా, నేను నీ మాట తిప్పడం లేదు, నీకు వినిపిస్తున్నాను" అంది.

అది పిల్లలకు చెప్పాను. సాయంత్రం దాకా అదే పని. ఒకరు చెప్పడం, ఇంకొకరు తిరిగి చెప్పడం. పనులు మార్చుకున్నారు కూడా. కౌస్తుభ్ మంచం దుప్పటి మార్చాడు, రత్నం తెర చదివింది, హంసిని మాస్కు బిగించింది, జోయెల్ పేషెంటు చేత దగ్గించి కఫం తీయించడం నేర్చుకున్నాడు.

"అందరూ మాట్లాడితే నిర్ణయం ఎవరిది?" అని అడిగాడు కౌస్తుభ్, వెళ్లబోతూ.

"నీదే. అందరూ చెప్పింది విన్నాక."

"నేను తప్పు చేస్తుంటే?"

"చెబుతాం కదా" అంది రత్నం. ఈసారి తల దించుకోలేదు.

చైత్ర బహుళ సప్తమి

చెవిమాట ఈ ఉదయం ఆగింది. అనుకున్న రోజుకే ఆగింది. వార్డులో అందరూ ఒకేసారి తలెత్తారు. చాలాకాలం తర్వాత ఇంతమంది కళ్లు చూశాను.

సీనియర్లు కూడా తడబడుతున్నారు. ఫరీదా ప్రతి మంచం దగ్గరికీ తానే తిరుగుతోంది. ఆమె గొంతు బొంగురుపోయింది.

బొమ్మను బీరువాలోంచి తీశాను. ఈసారి బతికింది. ఆ మాటకొస్తే గోల గోలగా బతికింది. జోయెల్ అరిచాడు, హంసిని అతని మీద అరిచింది, మధ్యలో కౌస్తుభ్ "ఒక్కొక్కరు" అని బల్ల చరిచాడు. అంతా అయ్యాక నలుగురూ కిందకూర్చుని బొమ్మ వైపు చూస్తూ నవ్వారు.

ఫరీదా ఎల్లుండి వచ్చి చూస్తానంది. అయితే పడవలను కూడా రేవులో ఆపి ఉంచింది. రెండో వార్డులో ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని, "నన్ను పడవెక్కించరు కదూ" అని అడిగింది. దుప్పటి సర్ది వచ్చాను.

చైత్ర బహుళ అష్టమి

గాలి ముందే లేచింది.

పొద్దున్న ఆకాశం మామూలుగానే ఉంది. మధ్యాహ్నానికి కొండ కింద ఉప్పుమళ్ల మీంచి తెల్లటి తెర లేచింది. సముద్రం ముందుకొచ్చి, మళ్లీ వెనక్కి తగ్గి వదిలేసిన నేల అది. మైళ్ల కొద్దీ ఉప్పు. కిటికీలన్నీ మూసినా పెదాల మీద ఉప్పగా తగులుతోంది. రోప్‌వే పెట్టెలు ఊగుతూ ఒకదాని వెనక ఒకటి జనాన్ని తెస్తున్నాయి. సీనియర్లందరూ తలో మంచం దగ్గర చిక్కుకుపోయారు.

అప్పుడు అసిరయ్యను తెచ్చారు. ఉప్పుమడిలో పనిచేసే మనిషి, అరవై దాటి ఉంటాడు. వెంట భార్య ఎర్నమ్మ. అతను ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి కూర్చున్నాడు. పడుకోబెట్టబోతే తోసేశాడు. ఛాతీలో పిల్లనగ్రోవి ఊదినట్టు కూత. పాత కాగితాల్లో ధూళి ఉబ్బసం అని ఉంది.

ఖాళీగా ఉన్నది నా నలుగురే. ఫరీదా నా వైపు చూసింది. నేను వాళ్ల వైపు చూశాను. వాళ్లు అప్పటికే మంచం చుట్టూ ఉన్నారు.

"ఉబ్బసం" అన్నాడు కౌస్తుభ్. "నెబ్యులైజర్ పెట్టండి. డీలా పడ్డాడు, సెలైన్ కూడా ఎక్కిద్దాం."

"సెలైన్ ఎక్కించాలంటున్నారు" అని తిరిగి చెప్పింది రత్నం. చెప్పింది గానీ సూది తీయలేదు.

జోయెల్ స్టెతస్కోపు వీపు మీద పెట్టి విన్నాడు. ఇంకోచోట పెట్టాడు. ముఖం మారింది. హంసిని కాళ్ల దగ్గర కూర్చుని చీలమండ మీద వేలితో నొక్కుతోంది. నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయింది.

నా చేతులు ఊరుకోలేదు. ఒక అడుగు ముందుకు వేశాను. ఫరీదా నా మణికట్టు పట్టుకుంది.

కౌస్తుభ్ ముగ్గురి ముఖాలూ చూశాడు. ఏం చూశాడో గానీ చెయ్యి ఎత్తాడు.

"ఆగండి. ఎవరేం చూశారో చెప్పండి. జోయెల్?"

"కూత పైన ఉంది. కింద మాత్రం రెండు వైపులా బుడబుడమంటోంది. నీళ్లలో గాలి ఊదినట్టు."

"హంసిని?"

"కాళ్లు నీరు పట్టాయి. రెండూ. వెనక్కి వాలిస్తే ఊపిరి ఇంకా బిగుస్తోంది. కూర్చుంటేనే నయం."

"రత్నం?"

"ఆళ్లావిణ్ణి అడిగినానండి. మూడు రాత్రుల్నించీ కూకునే నిద్రోతన్నాడంట. ఒంటేలు సరిగ్గా రాట్లేదు. గుండెకి మాత్తర్లు వేసుకునేవోడంట, అవి అయిపోనాయి, రోప్‌వే ఎక్కి రానేకపోయాడు. సెలైన్ ఎక్కిస్తే ఇంకా మునిగిపోతాడేమోనండి. అడుగుదామనే ఆగినాను."

కౌస్తుభ్ వంగి చీలమండ మీది గుంట చూశాడు.

"ఉబ్బసం కాదు. గుండె నీరసించి ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతోంది" అన్నాడు కౌస్తుభ్. "నేను తప్పు చెప్పాను. సెలైన్ వద్దు. కాళ్లు మంచం కిందికి వేలాడదీయండి. జోయెల్, ఒత్తిడితో గాలి ఇచ్చే మాస్కు. రత్నం, నీరు లాగే ఇంజెక్షన్, నాలుక కింద నైట్రేటు. బీపీ ఎంత ఉందో చూసి."

"బీపీ బాగా ఎక్కువుంది. నైట్రేటు ఇస్తన్నా. ఇంజెక్షన్ ఇస్తన్నా." తర్వాత, "ఇచ్చినాను."

"మాస్కు పెడుతున్నా" అన్నాడు జోయెల్.

అసిరయ్య మాస్కు పీకి పారేశాడు. మళ్లీ పెట్టబోతే జోయెల్ చేతిని గట్టిగా కొట్టాడు. కళ్లు పెద్దవయ్యాయి. అలాంటి కళ్లు నేను చాలా చూశాను. గాలి అందనివాడి ముఖానికి ఏదైనా అడ్డుపెడితే, చంపుతున్నారనే అనుకుంటాడు.

కౌస్తుభ్ మంచం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అసిరయ్య ముఖానికి ఎదురుగా.

"పెద్దయ్యా, ఇటు చూడండి. ఇది నాకూ పెట్టారు. నాకూ భయమేసింది. ఎదురుగాలిలో నిలబడ్డట్టు ముఖం మీదకి తోస్తుంది. కాసేపే. దాంతో కొట్లాడకండి, రానివ్వండి. నేను ఇక్కడే ఉంటా."

"సచ్చిపోతన్నాన్రా బావు" అన్నాడు అసిరయ్య, మాట మాటకీ ఆగి.

"ఎగూపిరి ఇది. దిగుతుంది. హంసిని మీ వీపు పట్టుకుంటుంది. ఆనుకోండి."

హంసిని వెనక నుంచి తన భుజం ఆనించింది. జోయెల్ ఈసారి మాస్కు బిగించకుండా చేత్తో పట్టుకున్నాడు. కొన్ని శ్వాసలు తీసుకున్నాక మెల్లగా పట్టీ వేశాడు.

తర్వాత ఆ మంచం చుట్టూ రేగిన గోల నేను రాయలేను. అంకెలు, పేర్లు, "పెంచాను", "తగ్గించు", "చెమట ఆగింది", "ఒంటేలు వొస్తంది". పక్క మంచాల వాళ్లు కూడా తలెత్తి చూశారు. ఎర్నమ్మ గుమ్మం దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. చీకటి పడకముందే అసిరయ్య భుజాలు ఎగరడం మానేశాయి. తల హంసిని భుజం మీద వాలింది. చూసి ముందు భయపడ్డాను. నిద్రపోయాడు.

ఫరీదా నా మణికట్టు ఇంకా వదల్లేదు. వేళ్ల గుర్తులు పడ్డాయి.

"అక్కా, గుర్తుందా మన వార్డు" అంది.

తల ఊపాను. అలల హోరు ఒక్కటే తక్కువ.

చైత్ర బహుళ దశమి

పడవలను ఖాళీగా వెనక్కి పంపేసింది ఫరీదా. బొమ్మ మీద పరీక్ష ఊసు మళ్లీ ఎత్తలేదు.

గాలి ఆగలేదు. మనుషులు వస్తూనే ఉన్నారు. మిగతా విద్యార్థులు కూడా వచ్చి నా నలుగురి దగ్గర చూసి నేర్చుకుంటున్నారు. కౌస్తుభ్ వాళ్లకు మొదట చెప్పేది పేర్లు చెప్పుకోమని.

అసిరయ్య మాటల మనిషి. మాస్కు తీసిన దగ్గర్నుంచి వార్డుకంతటికీ కబుర్లు. జోయెల్‌కి ఉప్పు గట్టిపడే రోజు నీళ్ల మీద పొర ఎలా వస్తుందో చెబుతున్నాడు. సముద్రం రాకముందు ఆ మడులున్న చోట తమకు జీడితోట ఉండేదట. పిందెల వాసన ఎలా ఉండేదో చెప్పబోయి ఆగిపోయాడు.

"దాన్ని సెప్పలేం బావు. వొచ్చి సూడాల" అన్నాడు. చూడడానికి ఇప్పుడక్కడ ఉప్పే తప్ప ఏమీ లేదని అతనికీ తెలుసు.

వరండాలో ఫరీదా పిల్లలకు అతని గుండె స్కాను చూపించింది. గుండె బాగా సాగిపోయింది. ఈసారి గట్టెక్కాడు గానీ ఆ గుండె ఎక్కువ రోజులు మోయలేదు అంది. ఎర్నమ్మకూ ఆ మాట చెప్పింది. ఆమె విని, సరే అంది. ఆ తర్వాత వార్డు మెట్ల మీద నుంచి కదలడం మానేసింది.

చైత్ర బహుళ ద్వాదశి

చెవిమాట అనుకున్నదానికంటే ముందే తిరిగొచ్చింది. అందరికీ పళ్లేలలో పంచారు. తీసుకోవాలా అని నలుగురూ నన్నడిగారు.

"తీసుకోండి. దానికి తెలిసినన్ని సంగతులు మనకెవరికీ తెలియవు" అన్నాను. మనసులో ఉన్నదే అన్నాను.

పెట్టుకున్నారు. వార్డు మళ్లీ నెమ్మదించింది. ఒక పూటంతా అలాగే గడిచింది. సాయంత్రం జోయెల్ ఏదో మంచం దగ్గర "మాస్కు పెడుతున్నా" అని పైకి అనడం వినిపించింది. అవతల నుంచి ఎవరో సరే అన్నారు. ఎవరో చూద్దామని లేచాను. అక్కడ నాకు తెలియని పిల్ల ఒకతి ఉంది.

రేపు కిందికి వెళ్లిపోదామనుకున్నాను. ఫరీదా ఇంకో రెండు రోజులు ఉండమంది. పాత ముచ్చట్లు చెప్పుకుందాం అంది. ఇన్నాళ్లూ ఇద్దరికీ తీరిక దొరకలేదు.

చైత్ర అమావాస్య

ఈ ఉదయం అసిరయ్య పోయాడు.

టిఫిన్ల వేళ ఛాతీ పట్టుకున్నాడు. చెవిమాట అందరికంటే ముందే పసిగట్టింది. నలుగురూ పరుగున వచ్చారు. దాని మాటా విన్నారు, ఒకరి మాట ఒకరూ విన్నారు. చేయాల్సినవన్నీ చేశారు. ఫరీదా కూడా వచ్చి నిలబడింది. గుండె తిరిగి రాలేదు. నేను చేసినా ఇంతకంటే మెరుగ్గా చేయగలిగేదాన్ని కాదు.

ఎవరూ మంచం దగ్గర నుంచి కదల్లేదు. రత్నం ఆయన చెయ్యి దుప్పటి మీద సర్దింది. హంసిని కళ్లు తుడుచుకుంటోంది. జోయెల్ యంత్రం ఆపాడు.

ఇలాంటప్పుడు ఇక్కడ ఒక పద్ధతి ఉంది. ఇంటివాళ్ల చేతిపట్టీకి చెవిమాటే కబురు పంపుతుంది. మంచి మాటలతో, ఏ తప్పూ లేకుండా పంపుతుంది. డాక్టర్లు ఎదురుపడి చెప్పే అలవాటు పోయి చాలాకాలమైంది. నేను ఈ సంగతి పిల్లలకు ఎప్పుడూ ఎత్తలేదు, నేర్పలేదు. బొమ్మతో చేయించదగ్గది కాదు.

కౌస్తుభ్ చెవి మీద వేలు పెట్టాడు. "వద్దు. పంపకు. మేం చెబుతాం" అన్నాడు. చెవిమాట తీసి జేబులో వేసుకున్నాడు. మిగతా ముగ్గురూ అతని వెనక నడిచారు. కొంచెం దూరంలో నేనూ వెళ్లాను.

ఎర్నమ్మ వార్డు మెట్ల మీద గోడకు ఆనుకుని కూర్చుంది. కౌస్తుభ్ ఆమె కంటే కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"అమ్మా" అన్నాడు. "అసిరయ్యగారు..."

ఎర్నమ్మ అతన్ని చూసింది, తర్వాత మిగతా ముగ్గురినీ ఒక్కొక్కరినీ చూసింది.

"పోనాడా?"

"పోయారమ్మా. మా చేతనైనదంతా చేశాం. గుండె తిరిగి రాలేదు."

ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఏడవలేదు. కౌస్తుభ్ లేచి వెళ్లిపోతాడేమో అనుకున్నాను. లేవలేదు.

"అప్పుడు మీరు నలుగురూ ఉన్నారేటి?" అంది చివరికి.

"ఉన్నాం."

"బాదపడ్డాడా?"

"కాసేపమ్మా" అన్నాడు జోయెల్. "ఎక్కువసేపు కాదు."

"ఆకర్న ఏటైనా అన్నాడా?"

కౌస్తుభ్ రత్నం వైపు చూశాడు. ఆ నొప్పి రాకముందు మంచం పక్కన ఉన్నది రత్నమే. ఆమె ముందుకొచ్చి ఎర్నమ్మ పక్కన కూర్చుంది.

"మిమ్మల్నే అడిగినాడమ్మా. 'మా ఇంటిది తిన్నాదేటి' అన్నాడు."

ఎర్నమ్మ పక్కనే క్యాంటీన్ వాళ్లు పొద్దున్న ఇచ్చిన ఇడ్లీ పొట్లం ఉంది. కట్టిన దారం కట్టినట్టే ఉంది. ఆమె దాని వైపు చూసింది.

"నువ్వేటి సెప్పినావు?"

"తిన్నాదని సెప్పినాను" అంది రత్నం.

ఎర్నమ్మ రత్నం చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"మంచి పని సేసినావు తల్లీ" అంది.

అప్పుడు ఏడ్చింది. నలుగురూ ఆమె చుట్టూ మెట్ల మీదే కూర్చుండిపోయారు. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు పక్కకు తప్పుకుని దారి చేసుకున్నారు. చాలాసేపటికి హంసిని ఆ పొట్లం ఒళ్లోకి తీసుకుని, దారం విప్పి, ఇడ్లీ ముక్క తుంచి ఎర్నమ్మ చేతిలో పెట్టింది.